మా జీపు ఈల నేర్చిన ఏడు

మా కోడలు కొత్తగా కొన్న కారు వెనక, నంబరు ప్లేటుకు కొంచెం పైన, వెండి రంగు అక్షరాలతో టర్బో అని అతికించి ఉంది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మా చిన్నాయినను చూడడానికి మొన్న ఆ కారులోనే శామీర్‌పేటకు బయలుదేరాం. సుచిత్ర దగ్గర ట్రాఫిక్ దాటగానే కోడలు ఒక్క తొక్కు తొక్కి, "చూశారా అత్తమ్మా, టర్బో అంటే ఇట్లా ఉంటుంది" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఎంతకూ ఆగకపోయేసరికి, పాపం, తననే ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం చిన్నబుచ్చుకుంది. "మరి ఈల ఏదమ్మా? టర్బో ఉన్న బండి ఈల వెయ్యాలి గదా?" అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. గుండ్లపోచంపల్లి గోదాములు దాటి, మేడ్చల్ దాటి చిన్నాయిన ఇల్లు చేరేదాకా మా బాపు జీపు కథే చెప్పాను. అయినా సగమే అయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఇప్పుడు కనిపించే విల్లాలన్నీ మా చిన్నతనంలో అంగూర్ తోటలు. రాతి కడీలు నాటి, వాటిమీద ఇనుప తీగలు లాగి, పందిళ్ల మీద ద్రాక్ష పాకించేవారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పందిరి కిందికి పోతే వేరే ఊరికి వచ్చినంత చల్లగా ఉండేది. మా ఇంట్లో అందరి బట్టలకూ మైలుతుత్తం నీలి చుక్కలు ఉండేవి. తోటకు ఆ మందు కొట్టే రోజుల్లో బాపు తెల్లధోతి కట్టుకుని పోయి నీలిధోతితో వచ్చేవాడు. అమ్మ ఉతికి ఉతికి విసిగిపోయి, "ఇగ నీలిరంగు బట్టలే కొనుర్రి, నాకు పని తప్పుతది" అనేది. మా నానమ్మను అందరం అవ్వ అనేవాళ్లం, ఆమె కొడుకులు కూడా. వాకిట్లో ఇత్తడి గంగాళం, పక్కన చెంబు పెట్టుకుని ఆమె పహరా కాసేది. వచ్చినవాడు చుట్టమైనా, పగవాడైనా, కరెంటు బిల్లు మనిషైనా ముందు కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగాలి, ఆ తర్వాతే మాట. కాళ్లు కడగకుండా మొదలుపెట్టిన మాట నిలబడదని ఆమె నమ్మకం. తొందరలో ఉన్నవాళ్లకు మా ఇల్లు పెద్ద శిక్ష.

బాపు ఊరికి పెద్దమనిషి, డీజిల్ దగ్గర మాత్రం పరమ పిసినారి. పెళ్లికి వచ్చినవాళ్లకు చేతికి ఎముక లేనట్టు పెట్టేవాడు గానీ జీపుకు డీజిల్ పోయించాలంటే ప్రాణం పోయేది. ఎక్కడ దిగుడు కనిపించినా తాళం తిప్పి ఇంజన్ బంద్ చేసేవాడు. "దిగేటప్పుడు భూమే గుంజుకుంటది, మనం డీజిల్ ఎందుకు తగలవెట్టాలె?" అనేది ఆయన సిద్ధాంతం. మా ఇల్లు పల్లంలో ఉండడంతో ఆయన జీపు ఎప్పుడూ చప్పుడు లేకుండానే వచ్చేది. వాకిట్లో పడుకున్న కుక్కలు జీపు మీదికి వచ్చాక గాని ఉలిక్కిపడి లేచేవి కావు. నేను పరీక్ష పుస్తకం కింద వారపత్రిక పెట్టుకుని చదువుతూ ఎన్నిసార్లు దొరికిపోయానో లెక్కలేదు.

ఆ జీపు బాపు కంటే ముసలిదని మా మేనమామ వెక్కిరించేవాడు. మామ మాట ఎట్లా ఉన్నా, జీపుకు ఓపిక లేని మాట మాత్రం నిజం. తోట ఇంటికంటే ఇంకా పల్లంలో ఉండేది. కోసిన కాయను పెట్టెల్లో సర్ది, ట్రాలీలో వేసి, జీపుకు తగిలించి పైన రోడ్డు దాకా గడ్డ ఎక్కించాలి. లారీ రోడ్డు మీదే ఆగేది, మెత్తటి నేలలోకి దిగితే మళ్లీ పైకి రాదని డ్రైవర్ల భయం. మా జీపు నిండు ట్రాలీతో గడ్డ సగం దాకా పోయి, దగ్గి, నల్లగా పొగ కక్కి ఆగిపోయేది. సగం పెట్టెలు కిందికి దించి మళ్లీ మళ్లీ తిరగాలి, లేదా పక్క తోటవాళ్ల ట్రాక్టర్ అడగాలి. అడగడమంటే బాపుకు తల తీసేసినట్టు. పైన లారీవాడు హారన్ కొడుతూ ఉంటే, కింద పెట్టెల్లో కాయ ఎండకు మెత్తబడుతూ ఉంటే, ఆయన మీసం వణకడం నేను చూశాను. "బావా, నీ జీపు కన్న నా బర్రె నయ్యం" అని మామ అప్పుడే అనేవాడు.

బాపుకు తమ్ముడే అయినా ఆయన కంటే చాలా చిన్నవాడు మా చిన్నాయిన. వయసులో నాకే దగ్గర. డిగ్రీ నడుమలో వదిలేసి, ఇంట్లో తిరిగే యంత్రం ప్రతిదాన్నీ విప్పి చూసేవాడు. బోరు మోటారు, కుట్టు మిషన్, ఆఖరికి అవ్వ గడియారం కూడా. విప్పినవన్నీ మళ్లీ బిగించేవాడు, అప్పుడప్పుడు ఒకటి రెండు ముక్కలు మిగిలిపోయేవి. గడ్డ మీద, రోడ్డు పక్కన తంగేడు చెట్లు మొలిచిన మా బీడు ముక్క ఒకటి ఉండేది. అందులో షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసుకుంటానని అతని కోరిక. బాపు ఒప్పుకోలేదు. "రోడ్డు మీద నూనె గుడ్డలు ఆరేసుకుంటె మన ఇజ్జత్ ఏం గావాలెరా?" అనేవాడు. మామ అప్పుడే సుచిత్రలో ప్లాట్ల ఆఫీసు తెరిచాడు. తెల్ల అంగీ వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్లకు మ్యాపు చూపించే మనిషి కావాలన్నాడు. చిన్నాయినకు ఆ కుర్చీ తలచుకుంటేనే అన్నం సహించేది కాదు.

ఆ ఏడు అంగూర్ కోత మొదలయ్యే ముందు బాపు అవ్వ ఎదుటే మాట తేల్చేశాడు. "గీ సీజన్ అయిపొయ్యేదాంక టైమిస్తున్న. నిండు ట్రాలీతోని మన జీపును గడ్డ ఎక్కియ్యి. ఒక్కసారి గాదు, సీజనంత ఎక్కాలె. ఎక్కిందా, రోడ్డు మీది జాగ నీది. ఎక్కలేదా, తెల్లంగి తొడుక్కొని మీ బావ ఆఫీసుకు నడువు."

"మాట మీద ఉంటవా అన్నా?" అన్నాడు చిన్నాయిన.

"కాళ్లు కడుక్కొనే మాట్లాడుతున్న" అన్నాడు బాపు. మా ఇంట్లో అంతకు మించిన ఒట్టు లేదు.

తర్వాత కొన్నాళ్లకు చిన్నాయిన పట్నం పోయి, పాత సామాన్ల బజారులో ఒక ఇనుప వస్తువు కొని, గోనెపట్టాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. పెద్ద నత్తగుల్లలు రెండు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టుంది అది. ఏ దేశపు కారులోదో, ఎక్కడ గుద్దుకుని నుజ్జయిన బండిదో. "గిదేందిరా, దొంగ సొత్తా?" అంది అవ్వ. ఆమెకు అర్థమయ్యేట్టు చిన్నాయిన చెప్పాడు: "నువ్వు పొయ్యిల ఊదుగొట్టంతోని ఊదితె మంట లేస్తది గద అవ్వా? గిది టర్బో, ఇంజన్‌కు ఊదుగొట్టం. బయటికి పొయ్యే పొగనే గీ చక్రాన్ని తిప్పుతది, గా దిక్కు చక్రం గాలి గుంజి ఇంజన్లకు ఊదుతది."

అవ్వ ఆ చక్రాన్ని వేలితో తిప్పి చూసింది. "అంటె పొగ ఉత్తగ పోదన్నట్టు. మీ అన్నకు నచ్చుతది" అంది.

వేరే కారు సొత్తు మా జీపుకు ఎక్కడ కుదురుతుంది? దాని బోల్టుల రంధ్రాలు ఒకచోట, మా ఇంజన్ రంధ్రాలు మరోచోట. నడుమ ఒక ఇనుప పలక చేయించాలి. పలకకు కొలత కావాలి. నేను పరీక్షలకు చదువుకుంటున్నానని ఇంట్లో అందరూ అనుకుంటున్న రోజులవి. అవ్వకు చెప్పకుండా ఆమె కుంకుమ భరిణె తెచ్చి, కుంకుమను నూనెలో కలిపి, టర్బో మూతికి పూసి, పాత క్యాలెండరు వెనక వైపు ముద్ర వేశాను. ఇంజన్‌దీ అట్లాగే అచ్చు తీశాను. చిన్నాయిన ఆ కాగితాలు మడిచి మేడ్చల్‌లో లేతు మిషన్ దగ్గరికి పరుగెత్తాడు. కాసేపటికి అవ్వ వచ్చి, ఇంజన్‌కూ టర్బోకూ ఎర్రగా కుంకుమ చూసి, "పూజ జేసి నాకొక్క మాట జెప్పలె" అని అలిగి, తనే ఒక కొబ్బరికాయ తెచ్చి కొట్టింది. ఇంజన్‌కు గాలి పోయే గొట్టానికి సరిపోయే రబ్బరు పైపు ఎక్కడా దొరక్కపోతే చిన్నాయిన బోరు మోటారు పైపు కోసేశాడు. నీళ్లు రాకపోయేసరికి బాపు తోటంతా తిరిగి, తిరిగి, చివరికి జీపు బానెట్ కింద తన పైపును గుర్తుపట్టాడు. ఆ తర్వాత జరిగిన తిట్ల కార్యక్రమం పక్క తోటవాళ్లు కూడా వచ్చి విన్నారు.

బిగించిన రోజు చిన్నాయిన తాళం తిప్పితే ముందు మామూలు దగ్గే వచ్చింది. మా మొహాలు వాడిపోయాయి. అప్పుడు కొంచెం కొంచెంగా రేజ్ చేశాడు. ఎక్కడో దూరం నుంచి మొదలై, సన్నగా లేచి, చెవిలోంచి తలలోకి పోయే ఈల! కుక్కలన్నీ ఒక్కసారే మొరిగాయి. నేను ఎగిరి గంతేశాను. అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ ఇల్లు బంగారం గాను, సదువుకున్న పిల్లగాని తీరు ఈలేస్తాంది" అని అవ్వ మురిసిపోయింది. ఆ సాయంత్రమే నిండు ట్రాలీతో జీపు ఈల వేస్తూ, ఎక్కడా ఆగకుండా గడ్డెక్కింది. పైన లారీ డ్రైవర్ హారన్ మీద చెయ్యి పెట్టబోయి తీసేశాడు. బాపు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "సీజనంత అని చెప్పిన" అన్నాడు.

మెచ్చుకోలేదు గానీ ఆ మరుసటి రోజు నుంచి ఆయనకు ఊరి మీద పనులు ఎక్కువైపోయాయి. ఎవరో రమ్మన్నారని నాగారం, ఏదో తేవాలని మేడ్చల్. తెల్లధోతి కట్టుకుని ఒక్కడే పోయేవాడు. ఒకసారి బస్టాపు ముందు రేజ్ చేస్తే జీపు గట్టిగా ఈల వేసిందట. కూరగాయల గంపలతో నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "ఏం పటేలా, గీ వయసుల ఈలలా?" అని అందరి ముందూ అడిగేసింది. బాపు ఇంటికి వచ్చి చిన్నాయినను పట్టుకుని, "ఈల బంద్ జేసి బలం ఒక్కటే ఉంచనీకి రాదారా?" అన్నాడు. రాదని తెలిసి పరేషాన్ అయ్యాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. అమ్మ మాత్రం ఆ నవ్వు దాచుకోలేదు, చాలా రోజులు ఆయనకు అన్నం వడ్డించేటప్పుడల్లా సన్నగా ఈల వేసేది.

కోత సగంలో ఉండగా ఒక సాయంత్రం, పైన రోడ్డు మీంచి రోజూ వినపడే ఈల వినపడక అవ్వ వాకిట్లోంచే, "ఇయ్యాల జీపు మూగవోయింది" అంది. బాపు గడ్డ మీంచి ఎప్పటిలా చప్పుడు లేకుండా దిగి వచ్చాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే ఈల లేదు, వెనక నీలిపొగ. మర్నాడు నిండు ట్రాలీ గడ్డ నడుమ ఆగిపోయింది. ఆ కబురు మామకు ఎట్లా తెలిసిందో, సాయంత్రానికి కొత్త తెల్ల అంగీ పొట్లం కట్టించుకుని వచ్చి, "సైజు సరిపోతదో సూడు" అని చిన్నాయిన ముందు పెట్టాడు. చిన్నాయిన పొట్లం ముట్టుకోలేదు. టర్బో విప్పి గోనెపట్టా మీద పెట్టాడు. వేలితో తోస్తే తిరగాల్సిన చక్రం ఇరుక్కుపోయింది. లోపల నూనె మాడి, అడుగంటిన పాలగిన్నెలా నల్లగా కరుచుకుని ఉంది.

"అన్నా, ఎట్ల నడిపినవ్?"

"ఎట్ల నడుపుత? ఎప్పటి లెక్కనే" అన్నాడు బాపు.

"ఎప్పటి లెక్క అంటె? దిగుట్ల బంద్ జేసినవా?" అంది అవ్వ.

బాపు మామిడిచెట్టు మీద పిట్టను చూస్తున్నట్టు అటు తిరిగాడు. చిన్నాయినకు కోపం రాలేదు, ఏడుపు వచ్చినంత పనైంది. "అది పొగకు కాలుకుంట గిర్రగిర్ర తిరుగుతది అన్నా. ఇంజన్ బందైతె నూనె బందైతది, ఇది మాత్రం తిరుగుతనే ఉంటది. ఎండుగొంతుతోని ఎంతసేపు తిరుగుతది? ఇంజన్ ఆపే ముందు గూడ కొంచెంసేపు ఉత్తగ నడవనియ్యాలె."

"ఉత్తగనా?" అన్నాడు బాపు. ఆ ఒక్క మాటలో ఆయన మొత్తం జీవితం ఉంది. "నిలవడ్డ జీపుకు డీజిల్ పొయ్యాల్నా?"

ఆయన మారే మనిషి కాదని మా అందరికీ తెలుసు. జీపు వేరేవాళ్ల చేతికి ఇచ్చే మనిషి అంతకన్నా కాదు. చిన్నాయిన టర్బోను కిరోసిన్‌లో నానబెట్టి, మసి గీకి, తుడిచి, చివరికి చక్రం వేలి తాకిడికే గిర్రున తిరిగేట్టు చేశాడు. అయినా మళ్లీ బిగించడానికి చెయ్యి రావడం లేదు. బాపు చేతికిస్తే మళ్లీ మాడుతుంది. అప్పుడు అవ్వ గంగాళం దగ్గర్నుంచి లేచి, "బిగియ్యి. వాని సంగతి నాకిడిసిపెట్టు" అంది.

ఆ రోజు నుంచి జీపు వాకిట్లోకి రాగానే అవ్వ చెంబు పట్టుకుని ఎదురుపోయేది. బాపు సీట్లో కూర్చునే కాళ్లు బయట పెట్టాలి, ఆమె నీళ్లు పోసేది, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, తర్వాత తాగడానికి మంచినీళ్లు. ఇంజన్ నడుస్తూనే ఉండేది. పెద్దమనిషి, కన్నతల్లి నీళ్లు పోస్తుంటే కాదనలేడు. ఆయన నీళ్లు తాగి చెంబు ఇచ్చాక, "ఇగ బంద్ జెయ్" అనేది. ఇంటి దగ్గర సంగతి అట్లా కుదిరింది. మరి దారిలో దిగుళ్ల సంగతి? "నేను గూడ వస్త" అని ముందు సీటెక్కి కూర్చుంది. ఎన్నడూ వెనక సీటు దాటి ఎరగని మనిషి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచెయ్యి జీపు తాళం దగ్గరే కావలి పెట్టుకుంది. దిగుడు రాగానే అలవాటు కొద్దీ బాపు చెయ్యి తాళం దగ్గరికి పోయేది, ఆ చేతి మీద చప్పున ఒక దెబ్బ పడేది. ట్రాలీలో ఖాళీ పెట్టెల మీద కూర్చున్న నాకు ఆ దెబ్బలు వినపడేవి. కొన్నాళ్లకు ఆమెకు ముందు సీటు రుచి తెలిసింది. బస్టాపు వచ్చేసరికి, "కొంచెం ఈల వెయ్యనియ్యి రా, అందరు సూస్తర్రు" అని కొడుకును సతాయించేది.

మొన్న కోడలి కారు సిగ్నల్ దగ్గర ఆగగానే తనంతట తానే ఇంజన్ ఆపుకుంది. బాపు ఉంటే ఆ కారును కావలించుకునేవాడు. బండ్లు తెలివి నేర్చాయి, వాటికి ఇప్పుడు ఎవరూ చెంబుతో ఎదురుపోనక్కరలేదు. తోటలు పోయాయి. ఒక కాలనీకి ద్రాక్ష పేరు పెట్టుకున్నారు గానీ అందులో ఒక్క తీగ లేదు. నేను పాతకాలమే గొప్పదనే రకం కాదు. మైలుతుత్తం బట్టలు ఉతకాలని నాకేం లేదు, ఈ ఏసీ కారు నాకు హాయిగానే ఉంది. కానీ ఒక ముసలితల్లి, ఇద్దరు కొడుకులు, ఒక పిసినారితనం, ఒక మొండితనం, వీటన్నిటినీ కలిపి ఒక బండిని గడ్డెక్కించిన ఆ రోజులు మాత్రం నాకు కావాలి. బాపూ, అవ్వా నాకు కావాలి. ఈ వయసులో కూడా ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు.

ఆ ఏటి చివరి కోత రోజు మధ్యాహ్నమే మబ్బు పట్టింది. రాళ్లవాన పడితే కాయ మొత్తం పోతుంది. రెండోసారి తిరిగే వ్యవధి లేదు. ఎన్నడూ వెయ్యనంత లోడు ఒకే ట్రాలీలో ఎత్తేశారు, పెట్టెల మీద పెట్టెలు, వాటి మీద తాళ్లు. బాపు స్టీరింగ్ పట్టుకున్నాడు, పక్కన అవ్వ తాళం పట్టుకుంది. అమ్మా నేనూ బరువు కాకూడదని నడిచాం. చిన్నాయిన ఒక పెద్ద రాయి పట్టుకుని ట్రాలీ చక్రం వెంట నడిచాడు, ఆగిపోయి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. గడ్డ నడుమ, ఎప్పుడూ ఆగిపోయే చోట, జీపు మెల్లబడింది. చిన్నాయిన రాయి పట్టుకుని వంగాడు. "తొక్కురా!" అని అవ్వ అరిచింది. బాపు తొక్కాడు. ఆ ఈల అట్లా లేచి, లేచి, మబ్బు కింద తోటలన్నిటికీ వినపడేట్టు లేచింది. జీపు ఎక్కింది. చిన్నాయిన రాయితోనే వెంట పరుగెత్తాడు, మేమూ పరుగెత్తాం, రోడ్డు మీదికి వచ్చాక గాని ఎవరికీ ఊపిరి ఆడలేదు.

పైన లారీ దగ్గర మామ నిలబడి ఉన్నాడు. ఆయన ఓడిపోయే మనిషి కాదు. "ఎక్కింది సరే బావా, జీపు పని జీపు చేసింది. పోరగాన్ని మాత్రం రేపటి సంది ఆఫీసుకు పంపియ్యి, కుర్చీ గూడ కొన్న" అన్నాడు.

బాపు జీపు దిగాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది, ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. "వాడు రాడు. వానికి షెడ్డు ఉన్నది" అన్నాడు.

"షెడ్డా? ఏడున్నది?"

"గదే" అని బాపు రోడ్డు పక్క బీడు చూపించాడు. తంగేడు చెట్లు, ఎర్రమట్టి, ఇంకేమీ లేదు. మామ అటు చూసి, బాపును చూసి, మళ్లీ అటే చూశాడు. చిన్నాయిన మాత్రం నిజంగానే అక్కడేదో కట్టి ఉన్నట్టు, గుమ్మంలో అడుగు పెడుతున్నట్టు మెల్లగా ఆ బీడులోకి నడిచాడు. నడుమకు పోయాక తన చేతిలో ఇంకా రాయి ఉందని చూసుకున్నాడు. వంగి, దాన్ని జాగ్రత్తగా నేల మీద పెట్టాడు.

ముందు సీట్లో తాళం వదలకుండానే అవ్వ బయటికి వంగి అరిచింది: "గాడ గాదురా! గుమ్మం తూర్పుకు రావాలె. కొంచెం ఇటు జరుపు!"